ఐదు గడుల కాగితం

“నీ గడియారం ఆగిపోయిందేమే?”

తల్లి అడిగింది. ప్రసూతి వార్డు వరండాలో, బెంచీల మీద కూర్చున్నవాళ్ళంతా వినేలా.

కూతురు చేతిలోని చార్టును గుండెకు అదుముకుని, గోడకున్న నోటీసు బోర్డును మొదటిసారి చూస్తున్నట్టు చూసింది. తొమ్మిదేళ్ళ కిందట ఆ బోర్డును అక్కడ కొట్టించింది తనే.

“నిన్న పొద్దున ఏమన్నావ్? దీపాలు పెట్టేవేళకి బిడ్డ చేతుల్లో ఉంటుందన్నావ్. నిన్నటి దీపాలు ఆర్పేశారు కూడా. ఇప్పుడు పదవుతోంది.”

“అమ్మా, కాస్త మెల్లగా.”

“ఏం మెల్లగా! ఇరవై ఆరు గంటలుగా ఆ డ్రిప్పు కారుతూనే ఉంది. మనిషికి మందు ఎక్కిస్తున్నారా, పాదుకి నీళ్ళు పెడుతున్నారా?”

పక్క బెంచీలో ఎవరో కిసుక్కుమన్నారు.

వార్డులో ఆమెను అందరూ గడియారం అంటారు. పదహారేళ్ళుగా అక్కడే నర్సు. చెయ్యి పెట్టి చూసి “మూడున్నరకి” అందంటే మూడున్నరకి బిడ్డ ఏడుపు వినిపించాల్సిందే. ఆయాలు ఆమె మాటను పట్టుకునే టీకి వెళ్ళేవారు. ఆ పేరు ఆసుపత్రి దాటి ఇంట్లోకి కూడా వచ్చేసింది. ఇంట్లో అది ముద్దుపేరు.

ఇప్పుడు లోపల మంచం మీద ఉన్నది సొంత మరదలు, తమ్ముడి భార్య. మొదటి కాన్పు. రోజులు నిండి పదిరోజులు దాటినా నొప్పులు రాకపోతే, మందు పెట్టి రప్పిస్తున్నారు.

“అసలు దాని ఒళ్ళే మొండి ఒళ్ళు,” తల్లి అందుకుంది. “పిల్లలకి ఈత నేర్పుతానని ఏడో నెల దాకా నీళ్ళల్లోనే నానింది. కండలు బిగుసుకుపోక ఏమవుతాయి? నీ తప్పేముందిలే ఇందులో. ఇన్ని వందలమందిని చూశావ్, ఒక్కటి తప్పితే అది నీ తప్పా, దాని తప్పా?”

“అమ్మా!”

వార్డు తలుపుకు పచ్చ తెర ఒక్కటే అడ్డం. తెర వెనక మంచం కిర్రుమంది. మాట అవతలికి వెళ్ళిందని ఇద్దరికీ అర్థమైంది.

తల్లి గొంతు తగ్గించింది. కాని అప్పటికి అనాల్సినదంతా అనేసింది.

* * *

అరగంట కిందట పెద్ద డాక్టరమ్మ వచ్చి చూసి వెళ్ళింది. చేతి తొడుగు విప్పుతూ చార్టు మీది మొదటి కాగితాన్ని చాలాసేపు చదివింది.

“నిన్న మొదలుపెట్టినప్పుడు లెక్క ఎనిమిది. ఎనిమిదితో మొదలై, నిండు మోతాదు డ్రిప్పు ఇన్ని గంటలు నడిచీ అంగుళం కదల్లేదంటే ఇంకేదో అడ్డం ఉన్నట్టే. బిడ్డ తలకి దారి సరిపోవట్లేదేమో. ఇంక ఆగడంలో అర్థం లేదు. ఒంటి గంటకి ఆపరేషన్‌కి రాయండి.”

ఆ తర్వాత ఒక్క మాట, కాగితం మీంచి తలెత్తకుండానే అంది.

“ఇందులో రెండు వేళ్ళు తెరుచుకుందని ఉంది. ఇప్పుడు నాకు ఒకటే దొరికింది.”

గడియారం డ్రిప్పు గొట్టాన్ని సర్దసాగింది.

“సర్లే. చేతికీ చేతికీ కాస్త తేడా ఉంటుంది.” డాక్టరమ్మ వెళ్ళిపోయింది.

ఆవిడ తిట్టి ఉంటే బాగుండేది. పదహారేళ్ళ నమ్మకంతో, తలుపు తీసిపెట్టినట్టు ఒక సాకు తీసిపెట్టి వెళ్ళింది.

ఆ మొదటి కాగితంలో ఐదు గడులుంటాయి. గర్భసంచి మూతి ఎంత తెరుచుకుంది, ఎంత పల్చబడింది, ఎంత మెత్తబడింది, ముందుకు తిరిగిందా వెనక్కే ఉందా, బిడ్డ తల ఎంత దిగింది. ఒక్కోదానికి ఒక్కో అంకె. కలిపితే ఎనిమిది వచ్చిందా, నేరుగా డ్రిప్పు పెట్టేయొచ్చు, చాలామందికి మామూలు కాన్పే అవుతుంది. ఆరుకు తగ్గితే తొందరపడకూడదు. ముందు చిన్న బెలూన్ పెట్టి ఒక రోజంతా మూతిని మెత్తబరచాలి. డ్రిప్పు ఆ తర్వాత.

నిన్న పొద్దున ఆమె వేళ్ళకు దొరికింది ఇది: ఒకటి, ఒకటి, సున్నా, సున్నా, ఒకటి. మొత్తం మూడు. గర్భసంచి మూతి ముక్కు కొనంత గట్టిగా ఉంది.

కాని అప్పటికే ఇంట్లో, వంటగది గుమ్మంలో నిలబడి, అందరి ముందూ “దీపాలు పెట్టేవేళకి” అనేసింది. చెయ్యి పెట్టకముందే అనేసింది. బస్సు డ్రైవరైన తమ్ముడు ఆ మాట పట్టుకుని డిపోలో స్వీట్లు పంచుతానని కూడా చెప్పివచ్చాడు.

మూడని రాస్తే బెలూను, ఒక రోజు ఆలస్యం. ‘గడియారం కూడా తప్పుతుందన్నమాట’ అని నాలుగు నవ్వులు. అంతే. ఆ అంతకే ఆమె కలం ఒక్కో గడిలో ఒక్కో అంకె పెంచింది. రెండు, రెండు, ఒకటి, ఒకటి, రెండు. ఏ గడికాగడి చూస్తే గోరంత అబద్ధం. కలిపితే ఎనిమిది.

ఆ వార్డులో ఒకరు చూశాక ఇంకొకరు విడిగా చూసి, మొదటి కాగితం చూడకుండా తన అంకె తాను రాయాలి. పద్ధతి అది. కాని నిన్న రెండో చెయ్యిగా వచ్చిన కళ్ళజోడు సిస్టర్ తొడుగు కూడా వేసుకోలేదు.

“నువ్వు చూశాక మళ్ళీ నేను చూడ్డమేంటి, పాపం ఆ పిల్లకి రెండోసారి నొప్పి!” అని కింద సంతకం పెట్టి వెళ్ళిపోయింది.

జాలితోనే పెట్టింది ఆ సంతకం.

* * *

తెర తొలగించి లోపలికి వెళ్ళేసరికి మరదలు గోడవైపు తిరిగి పడుకుని ఉంది. డ్రిప్పు ఇప్పుడిప్పుడే ఆపేశారు. ముంజేతికి సూది మాత్రం అలాగే ఉంది. బిడ్డ గుండె చప్పుడు చూపే మిషను టకటకమంటోంది. వేగంగా, నిశ్చింతగా. ఆ బిడ్డకు వీళ్ళ గొడవలేవీ పట్టినట్టు లేదు.

గడియారం మంచం కొసన కూర్చుని మరదలి పాదాలు ఒళ్ళోకి తీసుకుంది. నిన్నటి నుంచి అదొక్కటే సరిగ్గా చేస్తున్న పని.

“వదినా.”

“చెప్పు తల్లీ.”

“నీ మాట పోగొట్టాను కదా.”

గడియారం చేతులు ఆగిపోయాయి.

“అత్తయ్య అన్నదాంట్లో తప్పేం లేదు. నువ్వు అంత బాగుంది అన్నావ్. ఎనిమిది వచ్చిందన్నావ్. అంత బాగున్నా అవ్వలేదంటే లోపం నాలోనే ఉన్నట్టేగా.” మరదలు నవ్వబోయింది. “ఈతకొలనులో పిల్లలకి చెప్తుంటాను, ఒంటిని నమ్మండిరా, అదే తేలుతుంది అని. నా ఒళ్ళు మాత్రం నన్ను ముంచేసింది చూడు.”

“అలా అనకు.”

“రాత్రంతా బిడ్డకి సారీ చెప్తూనే ఉన్నాను వదినా. నీకు దారివ్వలేకపోతున్నాను రా అని.”

మిషను టకటకమంటూనే ఉంది.

ఇప్పుడు చెప్పాలి అనుకుంది గడియారం. నోరు తెరిచింది కూడా.

“కాస్త నీళ్ళు తాగుతావా?” అంది.

* * *

వరండా చివర, చేతులు కడుక్కునే కుళాయి దగ్గర తల్లిని పట్టుకుని చెప్పేసింది. నాలుగు ముక్కల్లో. తల్లికి మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక చుట్టూ చూసింది.

“ఎవరికైనా చెప్పావా?”

“ఇంకా లేదు.”

“అయితే చెప్పకు.”

“అమ్మా, అది మూడమ్మా. మూడుకి డ్రిప్పు పెడితే అవ్వదు. ఎవరికీ అవ్వదు. దానికి దారి చిన్నదీ కాదు, ఒళ్ళు మొండిదీ కాదు. పండని కాయని పట్టి గుంజాం, అంతే. ఉమ్మనీరు ఇంకా పోలేదు, బిడ్డ బాగున్నాడు. నిజం చెప్తే ఈ రోజు విశ్రాంతి ఇచ్చి, బెలూన్ పెట్టి, రేపు మళ్ళీ చూడొచ్చు. ఆపరేషన్ తప్పొచ్చు.”

“తప్పొచ్చా, తప్పుతుందా?”

గడియారం కారుతున్న కుళాయిని బిగించింది.

“చూశావా! నీకే తెలీదు. ఒంటి గంటకి ఎలాగూ కోసి తీస్తారు. బిడ్డ వస్తాడు, తల్లి లేచి తిరుగుతుంది. లోకంలో ఎంతమందికి ఆపరేషన్లు అవ్వట్లేదు? ఇప్పుడు నువ్వు నోరు విప్పావనుకో, నీ ఉద్యోగం పోతుంది. నీ తమ్ముడు జన్మలో నీ గుమ్మం తొక్కడు.”

“అది రాత్రంతా ఏడ్చిందమ్మా.”

“రేపు బిడ్డని చూసి అన్నీ మర్చిపోతుంది.”

“అది మర్చిపోతుంది. మరి నేను?”

తల్లి కొంగుతో కూతురి మొహం తుడిచింది, విసురుగా. చిన్నప్పుడు బడికి పంపే ముందు తుడిచినట్టే.

“నేను దాన్ని మొండి ఒళ్ళు అన్నాను కదే,” అంది ఉన్నట్టుండి.

అప్పుడే మెట్లెక్కి డ్రాయింగు మాస్టారు వచ్చారు. మరదలి తండ్రి. భార్య పోయాక కూతురిని ఒంటిచేత్తో పెంచిన మనిషి. చేతిలో ఫ్లాస్కు. రెండు రోజులుగా ఆయన చేస్తున్నది ఫ్లాస్కు నింపుకురావడం, అందరికీ పోయడం, తను తాగడం మర్చిపోవడం.

“అమ్మా, నువ్వేమైనా తిన్నావా? కళ్ళు గుంటలు పడ్డాయి,” అన్నారు గడియారంతో. “ఆపరేషన్ అన్నారట కదా. అల్లుడు ఫోన్ చేశాడు. నాకేం భయం లేదు తల్లీ. నువ్వు చూశావంటే నా కూతుర్ని వాళ్ళమ్మ చూసినట్టే.”

ఆయన ఫ్లాస్కు మూతలో టీ పోసి అందించారు. మూత అంచు ఒకచోట విరిగి ఉంది. విరిగిన వైపు తనవైపు ఉండేలా తిప్పి మరీ ఇచ్చారు.

గడియారం ఆ టీ తాగలేకపోయింది.

“ఒక్క నిమిషం బాబాయిగారూ,” అని డాక్టరమ్మ గది వైపు నడిచింది. తల్లి వెనక నుంచి పిలవలేదు.

* * *

“మూడు,” అంది డాక్టరమ్మ.

“మూడండీ.”

“ఎనిమిది రాశావు.”

“రాశానండీ.”

“అలసటా? పొరపాటా?”

తలుపు ఇంకోసారి తీసిపెట్టింది ఆవిడ. గడియారం అందులోంచి పోలేదు.

“కాదండీ. తెలిసే రాశాను. సాయంత్రానికి కాన్పవుతుందని ముందే చెప్పుకున్నాను. చెప్పిందానికి సరిపోయేలా రాశాను.”

డాక్టరమ్మ కళ్ళు మూసుకుని తెరిచింది.

“కిందటేడు మా చెల్లెలి కూతురి కాన్పు ఆ రోజే అవుతుందన్న నీ మాట మీదే నేను ఊరి ప్రయాణం మానుకున్నాను. అంత నమ్మేవాళ్ళం నిన్ను.” చేతిలోని కలం బల్ల మీద పెట్టింది. “ఇప్పుడైనా చెప్పావని మెచ్చుకోవాలా, నిన్న చెప్పలేదని చెంప పగలగొట్టాలా నాకు తెలియట్లేదు.”

“ఏదైనా సరేనండీ.”

“నాటకాలొద్దు. ఆ కాగితం ఇలా ఇవ్వు. ఎనిమిదిని కొట్టెయ్. పూర్తిగా చెరపకు, ఒక్క గీత చాలు, కింద ఉన్నది కనబడాలి. పక్కన మూడు రాయి. సంతకం, టైము.”

గడియారం రాసింది.

“మిగతా సంగతి రేపు ఆఫీసులో. ముందు వెళ్ళి ఆ పిల్లకి చెప్పు. నేను చెప్పను, నువ్వే చెప్పాలి. ఆగుతుందో, ఆపరేషనే కావాలంటుందో తేల్చుకోవాల్సింది తను. పన్నెండున్నర దాకా చూస్తాను.”

గుమ్మం దగ్గర ఆవిడ మళ్ళీ పిలిచింది.

“తనకి మాత్రం సాకులు చెప్పకు.”

* * *

తమ్ముడు డిపో నుంచి నేరుగా వచ్చేశాడు. ఖాకీ చొక్కా మీదే భార్య తల దగ్గర నిలబడి నుదురు రాస్తున్నాడు. అతను ఉండగా చెప్పడం కష్టం. లేనప్పుడు చెప్పడం ఇంకో దొంగతనం.

గడియారం నిలబడే చెప్పింది. ఐదు గడులూ చెప్పింది. ఒక్కో గడిలో వేళ్ళకు ఏం దొరికిందో, కలం ఏం రాసిందో. ఎందుకు రాసిందో కూడా చెప్పింది.

తమ్ముడు భార్య నుదుటి మీంచి చెయ్యి తీసి అక్క వైపు తిరిగాడు.

“అక్కా,” అన్నాడు తమ్ముడు. “నువ్వా?”

“నేనేరా.”

“నీ పేరు నిలబెట్టుకోడానికి నా పెళ్ళాన్ని ఇరవై ఆరు గంటలు...” ఆపేసిన డ్రిప్పు సీసాను చూపించాడు. “బస్సులో బ్రేకు పడట్లేదని తెలిసీ నేను జనాన్ని ఎక్కించుకుంటే ఏమంటావే నన్ను? చెప్పు, ఏమంటావ్?”

“అనాల్సినవన్నీ అనరా. తర్వాత అను. ముందు తనని మాట్లాడనివ్వు.”

“తను మాట్లాడేదేముంది? ఇంక ఎవర్నీ నమ్మను. ఇప్పుడే ఆపరేషన్ చెయ్యమను, అయిపోతుంది. లేదా ఇంకో ఆసుపత్రికి తీసుకెళ్ళిపోతాను.”

“మీరు కాసేపు ఊరుకోండి,” అంది మరదలు.

ఆమె ఏడవడం లేదు. పైకప్పులోని ఫ్యాను వైపు చూస్తోంది.

“అంటే నా ఒళ్ళు బాగానే ఉందా?”

“బాగానే ఉంది. ఇంకా సిద్ధం కాలేదు, అంతే.”

“నిన్న రాత్రి రెండుసార్లు అడిగాను నిన్ను. ఎందుకు అవ్వట్లేదు వదినా అని. పాదాలు ఒత్తుతూ ‘ఓపిక పట్టు’ అన్నావ్.”

“అన్నాను.”

“అప్పుడు కూడా తెలుసా?”

“తెలుసు.”

మరదలు పాదాలు ముడుచుకుని దుప్పటిలోకి తీసుకుంది.

“ఆగితే మామూలు కాన్పు అవుతుందా?”

“బెలూన్ పెట్టి మెత్తబడ్డాక చాలామందికి అవుతుంది. కొందరికి అవ్వదు. నీకు ఏదవుతుందో నేను చెప్పలేను.”

“నిన్న చెప్పావుగా.”

“నిన్న తెలియకుండానే చెప్పాను.”

పన్నెండు గంటలకు డాక్టరమ్మ వచ్చింది. ఈసారి పద్ధతి ప్రకారం జరిగింది. డాక్టరమ్మ చూసి ఒక చీటీ రాసి మడిచింది. కళ్ళజోడు సిస్టర్ తొడుగు వేసుకుని విడిగా చూసి ఇంకో చీటీ రాసింది. రాస్తూ ఆమె గడియారం వైపు చూడలేదు. సిగ్గు ఆమెకూ ఉంది. రెండు చీటీలూ మరదలి అరచేతిలో పెట్టారు. ఆమే విప్పింది.

నాలుగు. నాలుగు.

“అయితే ఇరవై ఆరు గంటల్లో ఒక్క అంకె సంపాదించానన్నమాట,” అంది మరదలు. ఎవరూ నవ్వలేదు. ఆమే కొంచెం నవ్వింది.

“ఏం చేద్దామమ్మా?” అడిగింది డాక్టరమ్మ.

తమ్ముడు ఏదో అనబోయాడు. మరదలు అతని చొక్కా చివర పట్టుకుని ఆపింది.

“ఆగుతాను.”

గడియారం కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

“కానీ వదిన ఈ గదిలో ఉండకూడదు.”

* * *

వరండాలో బెంచీ మీద డ్రాయింగు మాస్టారు కూర్చుని ఉన్నారు. పక్కన గడియారం తల్లి. ఇద్దరికీ విషయం తెలిసిపోయింది. మొహాలే చెబుతున్నాయి.

గడియారం ఎదురుగా గోడకు ఆనుకుని నిలబడింది. కూర్చునే హక్కు లేదనిపించింది.

“బాబాయిగారూ, నేను...”

ఆయన చెయ్యెత్తి వారించారు. తడిసిన కళ్ళద్దాలు తీసి, చొక్కాతో తుడుచుకుని, మళ్ళీ పెట్టుకున్నారు. ఎటో చూస్తూ, బెంచీ మీద ఒక పక్కకు జరిగారు. ఒక మనిషి కూర్చునేంత.

ఆమె కూర్చుంది. ఇద్దరి మధ్యా ఫ్లాస్కు ఉంది.

తెర అవతల మరదలు సన్నగా మూలిగింది. కాసేపాగి ఇంకోసారి, మొదటిదానికన్నా పొడుగ్గా. డ్రిప్పు ఆపి రెండు గంటలు దాటింది. బెలూన్ ఇంకా పెట్టలేదు.

తల్లి అలవాటు కొద్దీ కూతురి వైపు తిరిగింది.

“నొప్పులేనా ఇవి? ఎంతసేపు పడుతుందే?”

“తెలీదమ్మా.”

పదహారేళ్ళలో ఆ మాట ఆమె నోట వినడం తల్లికి అదే మొదలు.

లోపల హడావుడిగా అడుగులు. మంచం జరిపిన చప్పుడు. కళ్ళజోడు సిస్టర్ తెర తొలగించి బయటికొచ్చింది. తమ్ముడి కోసమో, మాస్టారి కోసమో అనుకున్నారు అందరూ. ఆమె గడియారం ముందు ఆగింది.

“ఉమ్మనీరు పోయింది. దానంతటదే. డాక్టరమ్మ ఇంక రేపటిదాకా ఆగడం కుదరదంటోంది. ఏదైనా ఈ రోజే.”

“ఆపరేషనా?”

“ఇంకా అనలేదు. ముందు నిన్ను పిలుస్తోంది.”

“డాక్టరమ్మా?”

“కాదు. మీ మరదలు.”

“ఎందుకు?”

“అది చెప్పలేదు. చేతులు కడుక్కుని రమ్మంది.”

తమ్ముడు తెర దగ్గర అడ్డంగా నిలబడి ఉన్నాడు. పక్కకు జరుగుతాడో లేదో మొహం చూస్తే తెలియడం లేదు.

గడియారం లేచి కుళాయి దగ్గరికి వెళ్ళింది. చెయ్యి పెట్టి చూడమనడానికే కడుక్కోమందని తెలిసి, మోచేతుల దాకా సబ్బు రాసుకుంది. లోపల తన వేళ్ళకు ఏం దొరుకుతుందో ఈసారి ఆమెకు తెలియదు.